కేసు కొట్టేశారు సరే, పోలీసు ఉద్యోగం ఇస్తారా?

"కేసు కొట్టేశారు కదన్నా, ఇంకేం ప్రాబ్లం?" ప్రిలిమ్స్ రాసి, ఈవెంట్స్ కొట్టి, మెయిన్స్ గట్టెక్కి, సెలెక్షన్ లిస్టులో తన నంబరు చూసుకున్న కుర్రాడు, పాత కేసులతో సహా తన వివరాలన్నీ రాసివ్వాల్సిన అటెస్టేషన్ ఫారం చేతికొచ్చిన రాత్రి చేసే ఫోన్ ఇది. నాది కోర్టుల్లో తిరిగే పని కాబట్టి ప్రతి నోటిఫికేషన్‌కీ ఇలాంటివి ఒకటో రెండో వస్తాయి. ప్రతిసారీ అనుకుంటాను, ఈ ఫోన్ అప్లికేషన్ పెట్టక ముందే చేసుంటే ఎంత బాగుండేదో అని. అందుకే ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

కోర్టు నిర్దోషి అని వదిలేసినంత మాత్రాన పోలీసు ఉద్యోగం మీ హక్కు అయిపోదు. అలాగని ఒకసారి కేసు పడింది కాబట్టి ఖాకీ బట్టలు ఇక రావనీ కాదు. వ్యవహారమంతా రెండు కాగితాల మీద నడుస్తుంది. ఒకటి కోర్టు ఇచ్చిన జడ్జిమెంటు, రెండోది మీ చేత్తో మీరు నింపిన అటెస్టేషన్ ఫారం. మొదటిదాంట్లో ఏముందో చాలామంది చదవరు, రెండోదాంట్లో తాము ఏం రాశారో చాలామందికి గుర్తుండదు. నేను చూసినంతలో ఉద్యోగాలు ఎక్కువగా పోయింది రెండోదాని వల్లే.

కొట్టేశారంటే ఏం చేశారు?

మన ఊళ్లలో కేసు ఎలా ముగిసినా ఒకటే మాట. పోలీసులే దర్యాప్తు చేసి ఫాల్స్ కేసు అని ఫైనల్ రిపోర్టు వేసినా కొట్టేశారే, హైకోర్టు ఎఫ్ఐఆర్‌ని క్వాష్ చేసినా, అంటే రద్దు చేసినా కొట్టేశారే, ఛార్జెస్ పెట్టకుండా కోర్టు డిశ్చార్జ్ చేసినా, లోక్ అదాలత్‌లో రాజీ పడ్డా, ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకున్నా, సాక్షులందర్నీ విచారించి నిర్దోషి అని తీర్పిచ్చినా అన్నీ కొట్టేసిన కేసులే మనకి. రిక్రూట్‌మెంట్ దగ్గర మాత్రం ఇవి దేనికది వేరు, ఒక్కోదానికి ఒక్కో బరువు ఉంటుంది.

ఇంకో ఘోరం ఏంటంటే, కోర్టులో "తప్పయింది సార్" అని ఒప్పుకుని ఫైన్ కట్టి బయటికొచ్చినవాడు కూడా కేసు కొట్టేశారనే చెప్పుకుంటాడు. అది కొట్టేయడం కాదు నాయనా, శిక్ష పడటం. కన్విక్షన్ అంటే జైలుకి వెళ్లడమే అనుకుంటారు గానీ, నేరం ఒప్పుకున్నాక కోర్టు వేసిన జరిమానా రెండొందలైనా అది కన్విక్షనే. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి కోర్టుకి వెళ్లి ఫైన్ కట్టినవాళ్లు, పండక్కి పేకాటలో కూర్చున్నవాళ్లు, సంక్రాంతికి కోడి పందేల బరి దగ్గర పట్టుబడి గేమింగ్ యాక్ట్ కింద "ఒప్పేసుకుంటే ఇవాళే అయిపోద్ది" అన్న మాట విని తల ఊపినవాళ్లు, మీ అందరికీ ఇది వర్తిస్తుంది. హెల్మెట్ లేదని ఫోన్‌కి వచ్చిన చలానా ఆన్‌లైన్లో కట్టడం ఇందులోకి రాదు, కోర్టు గడప ఎక్కకుండా కాంపౌండింగ్ కింద కట్టిన డబ్బు అది. తేడా తెలియక రెండు రకాలుగానూ నష్టపోతారు, చలానా గురించి పేజీ నిండా రాసేవాడొకడు, డ్రంకెన్ డ్రైవ్ ఫైన్ గురించి ఒక్క ముక్క రాయనివాడొకడు.

జడ్జిమెంటు తెచ్చుకుని మధ్య పేజీలు చదవండి

కేసు ముగిసి ఎన్నేళ్లయినా సరే, సర్టిఫైడ్ కాపీ మీ దగ్గర ఉండాలి. లాయరు వాట్సాప్‌లో పంపిన ఫొటో పనికిరాదు. కేసు నంబరు గుర్తులేకపోతే ఇ-కోర్ట్స్ సైట్‌లోనో యాప్‌లోనో జిల్లా, కోర్టు ఎంచుకుని మీ పేరుతో వెతకండి, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు దొరికితే మిగతాదంతా దొరికినట్టే. ఇంటిపేరు స్పెల్లింగు రకరకాలుగా కొడతారు కాబట్టి నాలుగైదు రకాలుగా వెతకాలి. తర్వాత ఆ కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయించండి. మీ దగ్గర ఉండాల్సినవి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, జడ్జిమెంటు, ఈ మూడూ. మరీ పాత కేసైతే రికార్డు ధ్వంసం చేసి ఉండొచ్చు, అప్పుడు ఆ సంగతే రాసిచ్చే ఎండార్స్‌మెంట్‌ అయినా తీసుకోండి, ఖాళీ చేతులతో మాత్రం తిరిగి రావద్దు.

కాపీ వచ్చాక అందరూ ఆఖరి పేజీ తిప్పి "నాట్ గిల్టీ" అన్నది చూసి ఫైల్లో పెట్టేస్తారు. మీ సెలెక్షన్‌ని పరిశీలించే అధికారి మాత్రం మధ్య పేజీలు చదువుతాడు. ఫిర్యాదుదారు, అంటే పీడబ్ల్యూ 1, కోర్టుకొచ్చి ఏం చెప్పాడు? మీరు అక్కడ లేరని చెప్పాడా, లేక "నాకేం తెలియదు, పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టాను" అని అడ్డం తిరిగాడా? సాక్షులంతా హోస్టైల్ అయితే జడ్జి రెండు పేజీల్లో ముగించేస్తాడు, అలాంటి తీర్పు మీరు నేరం చేయలేదని చెప్పదు, చేశారనడానికి సాక్ష్యం రాలేదని మాత్రమే చెప్తుంది. "బెనిఫిట్ ఆఫ్ డౌట్" అన్న మూడు ముక్కలు ఉన్నాయో లేదో చూడండి. అలా కాకుండా సాక్షులు గట్టిగానే చెప్పినా, మీ లాయరు చేసిన క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది అబద్ధమని తేలి, ఆ రోజు మీరు వేరే ఊళ్లో ఉన్నారనో, పాత భూతగాదా వల్ల ఇంటిల్లిపాదినీ ఇరికించారనో జడ్జి రాసుంటే అది బంగారం లాంటి తీర్పు.

దీన్నే హానరబుల్ అక్విటల్, గౌరవప్రదంగా నిర్దోషి అని తేలడం అంటున్నారు. విచిత్రం ఏంటంటే ఆ మాట ఏ చట్టంలోనూ లేదు, పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో లేదు, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోనూ లేదు. 2012లో తమిళనాడు కానిస్టేబుల్ సముతిరం కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, ఆ మాటకి నిర్వచనం ఇవ్వడం కష్టం, కానీ ప్రాసిక్యూషన్ సాక్ష్యం మొత్తాన్ని పరిశీలించాక కూడా ఆరోపణ ఏమాత్రం రుజువు కాకపోతే గౌరవప్రదంగా బయటపడినట్టు అనుకోవచ్చు అని. అది ఉద్యోగంలో ఉన్నవాడిని తీసేసిన కేసు, బస్టాండులో ఒక మహిళతో అసభ్యంగా ప్రవర్తించాడన్న ఆరోపణ, ఫిర్యాదుదారు కోర్టులో అడ్డం తిరగడంతో బయటపడ్డాడు, ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అప్పట్నుంచి రిక్రూట్‌మెంట్ కేసుల్లోనూ ఆ మాటే తిరుగుతోంది.

రాజీ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర సగం కేసులు అలాగే ముగుస్తాయి. కాంపౌండ్ చేసుకోదగ్గ, అంటే చట్టం రాజీకి ఒప్పుకునే నేరమైతే రాజీకి అక్విటల్‌తో సమానమైన ఫలితం ఉంటుందని సీఆర్పీసీ 320, బీఎన్ఎస్ఎస్ 359 సెక్షన్లు చెప్తాయి. చట్టం దృష్టిలో మీరు దోషి కాదు, నిజమే. కానీ పోలీసు శాఖ దాన్ని ఇంకోలా చదువుతుంది: ఎదుటివాడు వదిలేశాడు తప్ప, మీరు కొట్టలేదని ఎవరూ తేల్చలేదు కదా? హైకోర్టులో ఇద్దరూ కలిసి జాయింట్ మెమో వేసుకుని క్వాష్ చేయించుకున్నా ఇదే కథ, క్వాష్ అన్న పెద్ద మాట చూసి మురిసిపోకండి, దేని వల్ల క్వాష్ అయిందో ఆర్డరు చదవండి.

కోర్టులు ఎవరికి ఇప్పించాయి, ఎవరికి కాదన్నాయి

తీర్పులు చదివే ఓపిక లేనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. 2013లో మెహర్ సింగ్ కేసు. ఢిల్లీ కానిస్టేబుల్ పోస్టుకి ఎంపికయ్యాడు, పాత కొట్లాట కేసు గురించి తనే చెప్పాడు, దాచలేదు. అది రాజీతో ముగిసింది. అయినా స్క్రీనింగ్ కమిటీ వద్దంది, సుప్రీంకోర్టు కమిటీ వైపే నిలబడింది. పోలీసు శాఖ క్రమశిక్షణ ఉండాల్సిన చోటు, అనుమానం మిగిలినవాణ్ణి తీసుకోమని బలవంతం చేయలేం అన్నది సారాంశం. 2021లో మేథు మేడా కేసు, సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్, కిడ్నాప్ చేసి డబ్బు అడిగాడన్న ఆరోపణ, సాక్షులు అడ్డం తిరిగి అక్విట్ అయ్యాడు. మధ్యప్రదేశ్ హైకోర్టు ఉద్యోగం ఇమ్మంది, సుప్రీంకోర్టు వద్దంది. ఈ రెండిట్లోనూ నిజం చెప్పారా లేదా అన్న గొడవ లేదు, నిజం చెప్పినా ఉద్యోగం రాలేదు. ఇది చేదుగా ఉన్నా తెలుసుకోవాల్సిన విషయం.

రెండో వైపు చూడండి. చండీగఢ్ కానిస్టేబుల్ జోగిందర్ సింగ్ మీద ఏకంగా హత్యాయత్నం సెక్షను, 307 ఉండేది. విచారణ జరిగి అక్విట్ అయ్యాడు, ఫారంలో దాచలేదు, 2014లో సుప్రీంకోర్టు ఉద్యోగం ఇమ్మంది. 2022లో పవన్ కుమార్ కేసు, రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌లో కానిస్టేబుల్, చిన్న కేసు, అటెస్టేషన్ ఫారం నింపక ముందే కొట్టేశారు, దాని గురించి రాయలేదని ట్రైనింగ్ మధ్యలో ఇంటికి పంపేశారు. అలా ఒక్క కలం పోటుతో పంపేయడం తప్పని తిరిగి తీసుకోమన్నారు. 2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ రవీంద్ర కుమార్ గెలిచాడు. ఆయన సెలెక్ట్ అయింది 2004లో. ఇరవై ఏళ్లు. నియమించమన్నారు గానీ గడిచిపోయిన కాలానికి జీతం లేదు.

సెక్షన్ పెద్దదా చిన్నదా అన్నది ఒక్కటే చూడలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది. 307 ఉన్నవాడికి వచ్చింది, కొట్లాట కేసువాడికి రాలేదు. అందుకే "మా వాడిది చిన్న కేసే" అన్న ధైర్యమూ వద్దు, "పెద్ద సెక్షన్ పడింది" అన్న భయమూ వద్దు.

వీటన్నిటికీ మధ్యలో మూలస్తంభంలా ఉన్నది 2016 జులై 21 నాటి అవతార్ సింగ్ తీర్పు, ముగ్గురు జడ్జిలది. మీరు ఎవరికి రిప్రజెంటేషన్, అంటే వినతిపత్రం రాసినా ఈ పేరు అందులో ఉండాలి. ఏం చెప్పిందంటే, అభ్యర్థి నిజమే చెప్పాలి, అరెస్టు, కేసు, శిక్ష, అక్విటల్ ఏదైనా సరే. నిజం చెప్పినా, ముగిసిన కేసు వెనకున్న నడవడికను చూసే అధికారం శాఖకి ఉంటుంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కుర్రతనంలో నినాదాలు ఇచ్చిన కేసు లాంటి చిన్న విషయం దాచినా, చెప్పి ఉంటే ఉద్యోగానికి అడ్డు కాకపోయేదే అయితే, శాఖ దాన్ని మన్నించొచ్చు. చిన్న కేసు పెండింగ్‌లో ఉందని నిజం చెప్తే, ఆ కేసు ఫలితానికి లోబడి అపాయింట్‌మెంట్ ఇవ్వొచ్చు. ఒకటి కంటే ఎక్కువ పెండింగ్ కేసులు కావాలని దాస్తే రద్దు చేయొచ్చు. తీవ్రమైన నేరంలో, లేదా మోరల్ టర్పిట్యూడ్ అంటారే, మనిషి నీతినే శంకించాల్సిన నేరంలో, సాంకేతిక కారణంతోనో బెనిఫిట్ ఆఫ్ డౌట్‌తోనో బయటపడితే అన్నీ చూసి నిర్ణయం తీసుకోవచ్చు. ఈ "ఒచ్చు"ల దగ్గరే అసలు టెన్షన్ అంతా. ఏదీ ఆటోమేటిక్ కాదు, మీకూ కాదు, వాళ్లకీ కాదు. మీ కేసుని విడిగా చూడకుండా కాగితం మీద ముద్ర వేసినట్టు రద్దు చేస్తే ఆ ఆర్డరు నిలబడదు, మీ బలం అక్కడుంది.

అటెస్టేషన్ ఫారం, ఇక్కడ తొందరపడొద్దు

ఫారం నెట్ సెంటర్లో నింపించొద్దు. చెప్పానని ఏమీ అనుకోకండి, అక్కడ కూర్చున్న కుర్రాడు రోజుకి వంద ఫారాలు నింపుతాడు, కేసుల కాలమ్ రాగానే అన్నిటికీ "నో" రాసేయడం అలవాటు వాడికి. సంతకం మీది. రేపు నోటీసొస్తే "నేను రాయలేదు, వాడు రాశాడు" అన్నది ఏ కోర్టూ వినదు.

ప్రశ్నని ఒక్కో పదం చదవండి. కేంద్ర బలగాల్లో వాడే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ అయ్యారా, డిటెన్షన్‌లో ఉన్నారా, బైండోవర్ అయ్యారా (గొడవ చేయనని పూచీకత్తు రాసివ్వడం), కోర్టు ఫైన్ వేసిందా, శిక్ష పడిందా, ప్రస్తుతం కేసు పెండింగ్ ఉందా అని విడివిడిగా అడుగుతారు. అక్విట్ అయినవాడు శిక్ష పడిందా అన్నదానికి "లేదు" అని రాయడం కరెక్టే, కానీ ప్రాసిక్యూట్ అయ్యారా అన్నదానికి "అవును" అని రాయాలి. ఇక్కడే పప్పులో కాలేస్తారు. కేసే లేదని కోర్టు చెప్పింది కదా, ఇంక రాయడం ఎందుకు అనుకుంటారు. మిమ్మల్ని అడిగింది తప్పు చేశారా అని కాదు, కేసు నడిచిందా అని. ఎలక్షన్ల ముందు ఊళ్లో నలుగురితో పాటు మిమ్మల్ని కూడా తహసీల్దారు ముందు బైండోవర్ చేయించి ఉంటే, ఆ కాలమ్ ఉన్న ఫారంలో అదీ రాయాల్సిందే.

అడగనిది రాయకపోతే తప్పు కాదు. దీనికి మన ఆంధ్రప్రదేశ్ కేసే ఉదాహరణ, 2005లో సుప్రీంకోర్టు తేల్చిన చిన్నంనాయుడు కేసు. పోలీసు ఉద్యోగానికే ఆయన నింపిన ఫారంలో 12వ కాలమ్, ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా, ముందస్తు నిర్బంధ చట్టాల కింద నిర్బంధించారా అని మాత్రమే అడిగింది. అరెస్టు గురించి, పెండింగ్ కేసు గురించి అడగలేదు. అడగని దానికి జవాబు రాయలేదని దాచాడనడం కుదరదని కోర్టు చెప్పింది. అవతార్ సింగ్ తీర్పు కూడా అదే మాట అంది, ప్రశ్న స్పష్టంగా ఉండాలి, డొంకతిరుగుడు ప్రశ్న వేసి అభ్యర్థిని ఇరికించకూడదని. కానీ ఒక్క మాట, ఈ తీర్పు పట్టుకుని లాయరు తెలివితేటలు చూపించే సమయం ఫారం నింపేటప్పుడు కాదు. అది నోటీసొచ్చాక వాడే ఆయుధం. నింపేటప్పుడు అనుమానం ఉంటే రాసేయడమే మేలు, కాలమ్ చాలకపోతే తెల్లకాగితం జత చేయండి.

ఎలా రాయాలంటే ఇలా: "ఫలానా పోలీస్ స్టేషన్ క్రైం నంబరు ఫలానా, ఐపీసీ 324, 506 రెడ్ విత్ 34, నేను నాలుగో నిందితుణ్ణి (ఏ4). ఫలానా కోర్టు సీసీ నంబరు ఫలానా. ఫలానా తేదీన సీఆర్పీసీ 248(1) కింద నిర్దోషిగా తీర్పు వచ్చింది. దానిపై అప్పీలు లేదు. తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేశాను." అంతే. కేసు ఎందుకు పెట్టారు, పెదనాన్న గారికీ మీకూ గట్టు తగాదా ఏంటి అన్న పురాణం ఇక్కడ వద్దు. సెక్షన్లు ఎఫ్ఐఆర్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి, పాత ఐపీసీ నంబర్లని మీరే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోకి మార్చి రాయకండి. అప్పీలు లేదని రాసే ముందు నిజంగా లేదో చూసుకోండి, అక్విటల్ మీద ప్రభుత్వం అప్పీలు వేయడానికి 90 రోజుల గడువుంటుంది, బాధితులు కూడా వేయొచ్చు, మీకు నోటీసు అందకుండానే అప్పీలు నమోదై ఉండొచ్చు.

ఫారాలు రెండు మూడు సెట్లు అడుగుతారు. అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో వివరాలు రాసి, చెయ్యి నొప్పి పుట్టి ఇంకోదాంట్లో "నో" అని వదిలేసినవాణ్ణి చూశాను నేను. ఇచ్చే ముందు ప్రతి పేజీ జిరాక్స్ తీసి ఉంచుకోండి. ఇచ్చాక కొత్త కేసు ఏదైనా పడినా, పాత కేసు ముగిసినా వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

దాస్తే దొరకదులే అనేవాళ్లకి ఒకటే చెప్తాను. మీరు చేరాలనుకుంటున్నది పోలీసు శాఖలో. మీ గురించి ఎంక్వైరీ చేసేది కూడా పోలీసులే. స్పెషల్ బ్రాంచ్ మనిషి మీ స్టేషన్‌కి వెళ్లి రికార్డులు తిరగేస్తాడు, పోలీసుల కంప్యూటర్ రికార్డు సీసీటీఎన్ఎస్‌లో మీ పేరు కొట్టి చూస్తారు, మీ వీధిలో అడుగుతారు. మీ ఊళ్లో మీ మీద కుళ్లుకునే చుట్టమొకడు ఎప్పుడూ ఉంటాడు, సెలెక్షన్ లిస్టు వచ్చిన రోజే ఆకాశరామన్న ఉత్తరం రాసేస్తాడు.

స్టేషన్ దగ్గర సరిచూసుకోవాల్సినవి

కోర్టు కేసు కొట్టేసినా ఆ సంగతి స్టేషన్ రికార్డులోకి ఎక్కిందని గ్యారంటీ లేదు. ఎంక్వైరీకి వచ్చిన హెడ్ కానిస్టేబుల్‌కి సిస్టమ్‌లో ఇంకా ట్రయల్ పెండింగ్ అని కనిపిస్తే అదే రాస్తాడు, ఆయన తప్పేం లేదు. ముందుగానే తీర్పు కాపీ ఒకటి జత చేసి, స్టేషన్ ఇన్‌ఛార్జి అయిన ఎస్‌హెచ్‌ఓకి అర్జీ ఇచ్చి, రికార్డు అప్‌డేట్ చేయమని అడగండి. మీ మీద రౌడీ షీటో సస్పెక్ట్ షీటో తెరిచి ఉంటే అది ఇంకా పెద్ద తలనొప్పి. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లలో 601 దీని గురించే, కేసు పోయినంత మాత్రాన షీటు దానంతటదే మూతపడదు, మూసేయమని విడిగా అర్జీ పెట్టాలి, ఒప్పుకోకపోతే హైకోర్టుకి వెళ్లాలి.

18 ఏళ్లు నిండక ముందు పడ్డ కేసైతే దారి వేరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం చిన్నప్పటి నేరం వల్ల ఎలాంటి అనర్హతా రాకూడదు, 16 దాటి ఘోర నేరంలో పెద్దవాళ్లలా విచారణ జరిగిన సందర్భం తప్ప. 2019లో రమేశ్ బిష్ణోయ్ అనే సీఐఎస్ఎఫ్ అభ్యర్థి విషయంలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. సంఘటన జరిగిన తేదీ, మీ పుట్టినతేదీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, టెన్త్ మెమో దగ్గర పెట్టుకోండి. ఛార్జిషీటులో 19 ఏళ్లు అని ఉజ్జాయింపుగా రాసేసిన కేసులు చాలా ఉంటాయి.

నోటీసొస్తే

మొదటి పని, ఏడవకుండా నోటీసు మీద గడువు తేదీ చూడటం. రెండోది, నోటికి చెప్పించుకోవడం కాకుండా ప్రతిదీ కాగితం మీద తీసుకోవడం. "నీ ఫైలు పక్కన పెట్టారు" అని ఎవరో చెప్పారంటే అది ఆర్డరు కాదు, దాని మీద ఏ కోర్టులోనూ పోరాడలేం. రాసి అడగండి, జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి.

జవాబులో బతిమాలుకోవడం తక్కువ, వాస్తవాలు ఎక్కువ ఉండాలి. సంఘటన నాటికి మీ వయసెంత, ఎఫ్ఐఆర్‌లో మీ పేరు మొదట్నుంచీ ఉందా, తర్వాత చేర్చారా, మీరు ఫలానా పని చేశారని ఏ సాక్షైనా విడిగా చెప్పాడా లేక "అందరూ కొట్టారు" అన్న గంపగుత్త ఆరోపణేనా, జడ్జి ఏ పేరాలో ఏమన్నాడు, అప్పట్నుంచి మీ మీద ఇంకే కేసూ లేదన్నది, ఫారంలో మీరే చెప్పారన్నది. పేరా నంబర్లతో సహా రాయండి. సర్పంచి దగ్గర్నుంచి తెచ్చిన క్యారెక్టర్ సర్టిఫికెట్ జత చేయడం వల్ల నష్టం లేదు. రవీంద్ర కుమార్ కేసులో గ్రామపెద్ద, స్టేషన్ అధికారి ఇచ్చిన మంచి రిపోర్టులు పనికొచ్చాయి.

రద్దు ఆర్డరు వచ్చేస్తే ఆలస్యం చేయకుండా హైకోర్టులో రిట్ వేయాలి, ఆర్టికల్ 226 కింద, తెలంగాణ వాళ్లకి హైదరాబాద్, ఆంధ్రా వాళ్లకి అమరావతి. పిటిషన్‌తో పాటే ఒక పోస్టు ఖాళీగా ఉంచమని మధ్యంతర ఉత్తర్వు అడగమనండి మీ లాయర్ని. ట్రైనింగ్ బ్యాచ్ వెళ్లిపోయి, పోస్టులన్నీ నిండిపోయి, తర్వాతి నోటిఫికేషన్ వచ్చేశాక కోర్టుకి వెళ్తే జడ్జి గారికి జాలి ఉన్నా చేతిలో పోస్టుండదు. ఇంకోటి, రిట్ గెలవడం అంటే నేరుగా అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతికి రావడం కాకపోవచ్చు. కారణాలు సరిగ్గా రాయని ఆర్డరుని కొట్టేసి, మళ్లీ పరిశీలించి నిర్ణయం తీసుకోండని శాఖకే పంపడం ఎక్కువగా జరుగుతుంది. అప్పుడు రిప్రజెంటేషన్ మళ్లీ మొదట్నుంచి రాయాలి. ఉద్యోగంలో కన్ఫర్మ్ అయ్యాక పాత కేసు బయటపడితే మాత్రం శాఖాపరమైన విచారణ జరపకుండా తీసేయకూడదు, అదీ అవతార్ సింగ్ తీర్పులో ఉన్నదే.

ఇంకా కేసు నడుస్తున్నవాళ్లకి

మీరే అసలు ముందు చదవాల్సినవాళ్లు. నేషనల్ లోక్ అదాలత్ రోజున స్టేషన్ నుంచి ఫోనొస్తుంది, "వచ్చి రాజీ పడిపోండి, అయిపోద్ది" అని. మీరు నిజంగా గొడవలో ఉండి, గాయం మీ చేతి మీదుగానే జరిగి ఉంటే రాజీ మంచిదే, శిక్ష పడటం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ పూర్తిగా అబద్ధపు కేసై, మీరు ఆ చోట లేనే లేరని నిరూపించే ఆధారం ఉంటే, పోలీసు ఉద్యోగం మీద ఆశ ఉంటే, సంతకం పెట్టే ముందు ఆగండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలుండదు, రాజీ అన్న ముద్ర తర్వాత చెరగదు. పోరాడితే టైం పడుతుంది, వయోపరిమితి దాటిపోతుందన్న భయం ఉంటుంది, నిజమే. అందుకే మూడు దారులు లాయరుతో మాట్లాడండి: కేసులో పస లేదని మెరిట్స్ మీద హైకోర్టులో క్వాష్, కింది కోర్టులో డిశ్చార్జ్ పిటిషన్, లేదా ట్రయల్ త్వరగా ముగించమని హైకోర్టు నుంచి డైరెక్షన్. మీ ఆధారాన్ని సాక్షిని క్రాస్ చేసేటప్పుడే రికార్డులోకి ఎక్కించమనండి, ఎందుకంటే చాలామంది లాయర్లు సాక్షి హోస్టైల్ అయ్యాడంటే "హమ్మయ్య" అని కూర్చుండిపోతారు. కేసు వరకు అది చాలు, మీ ఉద్యోగానికి చాలదు. మీరేం కావాలనుకుంటున్నారో ఆయనకి ముందే చెప్పాలి.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో అగ్నిపథ్ గొడవ జరిగింది కదా, ఆర్మీ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి పరుగులు తీసిన కుర్రాళ్ల మీదే కేసులు పడ్డాయి. నినాదాలిచ్చిన కేసుని కోర్టులు తేలిగ్గా చూస్తాయి, బోగీ తగలబెట్టిన కేసుని చూడవు, గుంపులో నిలబడ్డవాడికి ఆ రెండిటి మధ్య ఉన్న దూరం ఒక్క వాట్సాప్ వీడియో అంతే. మీరు గుంపులో నిలబడి మాత్రమే ఉంటే, ఆ రోజు టికెట్టో, ఫోన్ లొకేషనో, మీతో ఉన్నవాళ్లెవరో ఇప్పుడే రాసిపెట్టుకోండి. ట్రయల్ మొదలయ్యేసరికి ఆ ఫోనూ ఉండదు, ఆ సిమ్మూ ఉండదు.